పై ఇంటి మగ్గం

పైన మళ్లీ దబ్ దబ్‌మని చప్పుడు మొదలైంది.

హరనాథ్ చీపురుకర్ర తిరగేసి సీలింగ్‌ని పొడిచాడు. చప్పుడు ఆగలేదు. మెట్లెక్కి వెళ్లి తలుపు బాదాడు.

తలుపు తీసింది మహీన్, ఇరాన్ ఆవిడ. వెనక గోడకి ఆనించి కొయ్య మగ్గం. దాని మీద సగం నేసిన తివాచీ. ఆవిడ చేతిలో దువ్వెనలాంటి ఇనప పనిముట్టు.

"ఇది అపార్ట్‌మెంటా, ఫ్యాక్టరీయా?" అన్నాడు ఇంగ్లీషులో.

ఆవిడకి ఆ భాష అంతంతమాత్రం.

"సారీ. టీ తాగుతారా?"

"నేను టీకి రాలేదు."

సోమవారం మేనేజర్‌కి కంప్లైంట్ ఇచ్చాడు. అది 1980. టీవీలో రోజూ టెహరాన్‌లోని అమెరికన్ బందీల వార్తలే. పిస్కాటవే లాంటి అమెరికా ఊళ్లో ఆ మాత్రం సాకు చాలు. మహీన్‌ని నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు మేనేజర్.

పక్కింటి విజయశ్రీ లాండ్రీ రూమ్‌లో హరనాథ్‌ని పట్టుకుంది.

"ఎందుకన్నయ్యగారూ, ఆవిడ ఉసురు పోసుకోవడం? వాళ్ల ఊరు షిరాజ్‌లో వదిలేసి వచ్చిన ఇల్లూ తోటా మర్చిపోకుండా నేసుకుంటోందట. ఎవరి జోలికీ పోదు."

"నేననేదీ అదే. ఇక్కడ ఎవరూ ఎవరి జోలికీ పోరు. మా హైమ పోయిన మధ్యాహ్నం ఈ బిల్డింగ్‌లో ఒక్కరు తొంగిచూశారా?"

విజయశ్రీ బట్టలు మడవసాగింది. ఆ వేళ తనూ డ్యూటీలోనే ఉంది.

హరనాథ్ భార్య హైమది క్యాన్సర్. డాక్టర్లు చేతులెత్తేసి ఇంటికి పంపారు. హరనాథ్ లీవులన్నీ అయిపోయాయి. ఒక సాయంత్రం అతను ఆఫీస్ నుంచి వచ్చేసరికి మంచం మీద చల్లబడి ఉంది. గొంతులో చుక్క నీళ్లు పోసే దిక్కు లేకుండా పోయిందన్నదే హరనాథ్‌ని తొలిచేస్తోంది. అందుకు తనని తాను క్షమించుకోలేదు. ఈ దేశాన్నీ క్షమించలేదు.

నెలాఖరున వ్యాన్ వచ్చింది. మహీన్ తమ్ముడు బెహరూజ్ సామాను ఎక్కించి, అక్కని ముందు సీట్లో కూర్చోబెట్టి, మగ్గం నుంచి కోసి చుట్టిన తివాచీతో హరనాథ్ తలుపు తట్టాడు.

"అక్క మీకిమ్మంది."

"నాకెందుకు?"

బెహరూజ్ దాన్ని నేలమీద పరిచాడు. నారింజ చెట్లు, నీళ్ల తొట్టి, ఇంటి తలుపు. ఆ తలుపు ముందు, వంకరటింకర ముడులతో, పద్మాల ముగ్గు.

"ఇది మాత్రం మీ ఆవిడ నేసింది. గుమ్మంలో ఇది లేకపోతే అదేం ఇల్లని సైగలతోనే మా అక్కని కోప్పడిందట."

"హైమ పైకి వచ్చేదా?"

"ఓపిక ఉన్న రోజుల్లో. లేనప్పుడు అక్కే కిందికి దిగేది."

హరనాథ్ ముగ్గు మీద చెయ్యి పెట్టాడు.

"పోయిన రోజు?"

"ఉంది. అక్కే చెంచాతో నీళ్లు పోసింది. మీ ఆవిడ రెండు గుక్కలు మింగిందట."

హరనాథ్ ముగ్గు పక్కనే నేలమీద కూర్చున్నాడు.

"దాహంతో పోలేదు," అన్నాడు తెలుగులో, తనలో తనే.

తర్వాత ఇంగ్లీషులో అడిగాడు. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"మాతో మాట్లాడొద్దని మీ ఆవిడతో మీరన్నారట కదా. అందుకే మీకు చెప్పొద్దని నోటి మీద వేలుపెట్టి ఆవిడ మా అక్క దగ్గర మాట తీసుకుంది. ఇవాళ అక్క ఆ మాట తప్పింది."

"నేనొచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరే?"

"మీ కారు చప్పుడు వినబడేదాకా ఆవిడ చెయ్యి వదల్లేదు మా అక్క."