మింగేసిన అక్షరం

“మా ఇంటావంటా అక్షరాలు మింగేవాళ్ళు లేరు డాక్టరమ్మా!”

అత్తగారి గొంతు గది నాలుగు మూలలా ఖంగుమంది. ఖంగుమనదా మరి! రేడియోలో ముప్ఫై ఏళ్ళు వార్తలు చదివి రిటైరైన మనిషి. ఒత్తు పలకని పాలవాడు కూడా ఆవిడ దెబ్బకి మర్నాటికల్లా దారికొచ్చేస్తాడు. అలాంటి ఇంట్లో పుట్టిన ఆరేళ్ళ మనవరాలు నోట్లో తలుపేసినట్టు మాట చివర టక్కున ఆపేస్తోంది. మాట సరిచేయించి తీసుకురండని బడివాళ్ళు ఇంటికి పంపించేశారు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

“ఏదీ, పుస్తకం అనవే టపాకాయా” అంది అత్తగారు, సున్నాని సాగదీస్తూ.

“పుస్తక్.”

“విన్నారా? సున్నా ఎటు పోయింది? మింగేసింది!”

“నేనేం మింగలేదు నాన్నమ్మా, ఇందాక బిస్కెట్టు తిన్నానంతే” అంది టపాకాయ నోరు తెరిచి చూపిస్తూ.

మాటల డాక్టరమ్మ నవ్వాపుకుంది. గోడవారగా కూర్చున్న కోడలికి మాత్రం నవ్వు రాలేదు. చేతిరుమాలు వేలికి చుట్టుకుంటూ బిక్కుబిక్కుమంటోంది. ఆ టక్కు ఎక్కడిదో ఆ గదిలో తనకొక్కర్తికే తెలుసు. అది కొండల్లో ఉండే తన వాళ్ళ భాష. హాస్టల్లో పిల్లలు ‘కప్పా, కప్పా’ అని ఏడిపిస్తే పదేళ్ళప్పుడే దానికి నోరు మూసేసింది. కట్టుకున్నవాడికైనా చెప్పలేదు. ఇప్పుడీ అత్తగారికి తెలిస్తే ఇంకేమైనా ఉందా! కానీ పాపకి ఎలా అంటుకుంది? అదే అంతుపట్టడం లేదు.

“ఇంటికి వెళ్ళిపోదాం అత్తయ్యా. నేనే కూర్చోబెట్టి నేర్పుకుంటాను” అంది మెల్లగా.

“నువ్వు నేర్పితే ఇలాగే ఏడుస్తుంది. కూర్చో!”

డాక్టరమ్మ సన్నటి కాగితం ముక్కని పాప పెదాల ముందు వేలాడదీసి, రెండో చేత్తో ఒక బొమ్మ చూపించింది. బొమ్మలో చంటిబిడ్డ పడుకుని ఉంది. “ఈ బుజ్జాయికి ఏం చెప్తావు?”

“ఓజిత్” అంది టపాకాయ.

కాగితం కదల్లేదు. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. “మళ్ళీ అను?”

“ఓజిత్.”

ఈసారీ కదల్లేదు. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

“పెద్దమ్మగారూ, ఇది లోపం కాదు! నాలుక ‘త్’ దాకా వెళ్ళింది, కానీ గొంతు మూసుకుని గాలిని బయటికి వదల్లేదు. ఒక భాషలో మాటలు ఇలాగే ఆగుతాయి. చదువుకునే రోజుల్లో టేపులో విన్నాను. అది ఆస్ట్రో ఏషియాటిక్ అనే భాషల కుటుంబం. మాట్లాడేవాళ్ళు ఇప్పుడు గుప్పెడు మంది కూడా లేరంటారు!”

“మా కుటుంబం మాకుంది డాక్టరమ్మా, ఇంకో కుటుంబంతో మాకేం పని? ఇదంతా ఆ పనిమనిషి నిర్వాకం. ఇంటికెళ్ళగానే దాన్ని మానిపించేస్తాను.”

కోడలు హమ్మయ్య అనుకుంది. అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది కూడా.

డాక్టరమ్మకి ఆనందం పట్టపగ్గాల్లేకుండా ఉంది. పాప బుగ్గలు పట్టుకుని ఊపేస్తూ, “ఓజిత! అంతేనా బంగారూ? ఓజిత! నువ్వు ఓజిత!” అంది. ఆ గాలికి చేతిలో కాగితం రెపరెపలాడింది.

“అయ్యో, నా బిడ్డని అంత మాట అనకండి!”

కోడలు ఒక్క ఉదుటున వచ్చి పాపని లాగి గుండెకి హత్తుకుంది. “గొంతు మూస్తేనే నిద్రపో అని. గాలి వదిలారంటే చచ్చిపో అని!”

అనేశాక గానీ ఏమందో తెలియలేదు. డాక్టరమ్మ చేతిలోంచి కాగితం జారి కింద పడింది. ఎంత ఘోరమైన వార్తనైనా తొణక్కుండా చదివిన అత్తగారికి మొదటిసారి మాట తడబడింది.

“నీ... నీకెలా తెలుసు?”

“మా అమ్మ భాష అత్తయ్యా.”

“ఇన్నేళ్ళూ నా పక్కనే తిరుగుతూ దాచావా! దాచింది చాలక నా కళ్ళుగప్పి పిల్లకి నూరిపోశావా?”

“దాచిన మాట నిజం. కానీ నేర్పలేదు, దీని మీద ఒట్టు! నాకే గుర్తు లేదనుకున్నాను. పెళ్ళయ్యాక ఒక్క ముక్క కూడా నా నోట రాలేదు అత్తయ్యా.”

“మరి పైనుంచి ఊడిపడిందా?” అత్తగారు మనవరాలి గడ్డం పట్టుకుంది. “నిజం చెప్పవే. ఎవరు నేర్పారు?”

టపాకాయ నాన్నమ్మ వంక చూసింది, అమ్మ వంక చూసింది. “అమ్మే.”

కోడలు పాపని గబుక్కున తన వైపు తిప్పుకుంది. “నేనా? అబద్ధాలాడకూడదమ్మా! నేనెప్పుడు నేర్పానే?”

“నాన్న రాత్రి డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా” అంది టపాకాయ, ఇంత తెలిసిన విషయానికి ఈ గొడవంతా ఎందుకన్నట్టు. “నిద్రలో నువ్వు చిన్నపాపలా ఏడుస్తావుగా, ‘ఓజిత్, ఓజిత్’ అంటూ. నేను నీ వీపు తట్టి ‘ఓజిత్’ అంటే, ‘అమ్మా’ అని నన్ను పట్టుకుని పడుకుంటావు.”