తోడు పెట్టిన పాలు

"పదో తేదీ రాత్రి దాకా పదో తేదీయే కదండీ," అంటూ గుమాస్తా అద్దె డబ్బు ఇంటావిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ అప్పుడే సాయంత్రం నడకకు బయల్దేరింది. కుక్కల భయానికి ఎప్పుడూ వెంట ఉంచుకునే గొడుగును చంకలో ఇరికించుకొని నోట్లు లెక్కపెట్టుకుంది. లెక్క సరిపోయింది. చాలాకాలంగా ఆమెను తొలుస్తున్న సందేహం మాత్రం అలాగే ఉంది. ఈయనకు జీతం ఒకటో తేదీనే వస్తుంది. అద్దె ఏనాడూ గడువు దాటనివ్వడు. మరి ఒక్కరోజైనా ముందు ఇవ్వడేం? ఇక ఉండబట్టలేక అడిగేసింది.

గుమాస్తా ముఖం విప్పారింది. పొదుపు ఖాతాలో ఉన్న డబ్బుకు బ్యాంకువాళ్ళు ఏ రోజుకారోజు వడ్డీ లెక్క కడతారనీ, ఎవరికి ఇవ్వాల్సింది వాళ్ళకు సరిగ్గా గడువు నాడే ఇస్తే ఆ మధ్య రోజుల వడ్డీ మనదేననీ, కరెంటు బిల్లు దగ్గర్నుంచి పాలవాడి బాకీ దాకా తాను అలాగే కడతాననీ గేటు పట్టుకొని వివరించాడు.

"తోడు పెట్టిన పాలు కదపకూడదండీ. డబ్బూ అంతే," అన్నాడు చివర్లో.

ఆ మాట ఆవిడకు తెగ నచ్చింది. దాన్నే నెమరు వేసుకుంటూ, గొడుగు ఊపుకుంటూ వెళ్ళిపోయింది. మెట్ల మీద నిలబడి అంతా విన్న భార్య, ఇన్నేళ్ళ వడ్డీ పోగేస్తే ఒక జత చెప్పులైనా వస్తాయా అని మూతి విరిచింది. ఇది చెప్పుల సంగతి కాదనీ, తెలివి సంగతనీ అన్నాడు గుమాస్తా.

ఆ నెలలోనే వాళ్ళమ్మాయికి నర్సింగు కోర్సులో సీటు వచ్చింది. ఫీజు కట్టడానికి ఆఖరి రోజు వచ్చే నెల ఐదో తేదీ. ఆ సాయంత్రంలోగా కట్టకపోతే సీటు వెనకున్నవాళ్ళకు పోతుంది. ఖాతాలో ఉన్నదానికి ఒక నెల జీతం కలిస్తే సరిపోతుంది.

"అన్నయ్య సర్దుతానంటున్నాడుగా. తీసుకొని ఇవాళే కట్టేసి రండి," అంది భార్య.

"ఒకటిన జీతం వస్తుంది. ఐదున కడతాను. మీ అన్నయ్యకు లోకువ కావడమెందుకు, మధ్యలో వడ్డీ పోగొట్టుకోవడమెందుకు?"

బావమరిది ఆ డబ్బుతో తన ఇంటికి రంగులు వేయించుకున్నాడు.

ఒకటో తేదీ వచ్చింది. జీతం రాలేదు. ప్రింటింగు ప్రెస్సులో గుమాస్తాగా చేరాక ఇలా ఎన్నడూ జరగలేదు. మర్నాడూ రాలేదు. యజమాని ప్రెస్సు అమ్మేస్తున్నాడని మిషన్ మనిషి గుసగుసలాడాడు. అప్పుల్లో మునిగాడని బైండింగు మనిషి తేల్చేశాడు. కాయితాల వ్యాపారి కూడా వచ్చి, ఉత్త చేతులతో సణుక్కుంటూ వెళ్ళాడు. కానీ బిల్లులు రాసేది గుమాస్తానే. పనికి ఏ లోటూ లేదు, మిషన్లకు ఊపిరి సలపడం లేదు. మరి డబ్బంతా ఏమవుతున్నట్టు? ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా అంతు చిక్కలేదు.

ఐదో తేదీ పొద్దున్నే కూతురు ఇస్త్రీ బట్టలు కట్టుకొని, సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఆ పిల్ల కళ్ళలోకి చూడలేక గుమాస్తా తిండి మానేసి ప్రెస్సుకు వెళ్ళిపోయాడు. తిన్నగా యజమాని గదిలోకి నడిచాడు.

"ప్రెస్సు అమ్మేస్తున్నారాండీ?"

యజమాని పగలబడి నవ్వాడు. ప్రెస్సు బ్రహ్మాండంగా ఉందన్నాడు. జీతం ఏడో తేదీలోగా ఇస్తామని ఉద్యోగం కాయితంలో ఉందనీ, ఇన్నాళ్ళూ ఒకటినే ఇచ్చి ఊరికే వడ్డీ వదులుకున్నాననీ, ఇకమీదట ఎవరికైనా గడువు నాడేననీ చెప్పాడు.

గుమాస్తాకు ఒళ్ళు మండింది. ఈ దిక్కుమాలిన బుద్ధి నేర్పినవాడెవడో, వాడి పిల్లకూ ఇలాంటి రోజు రావాలి అని మనసులోనే శపించాడు. తర్వాత కూతురి సీటు సంగతి చెప్పాడు.

యజమాని చెడ్డవాడు కాదు. అప్పటికప్పుడే ఫోను తీసి జీతం పంపించాడు. రెండు రోజుల వడ్డీ నువ్వు నాకు బాకీ అని హాస్యమాడాడు కూడా. గుమాస్తా ఆ గదిలోనే నిలబడి ఫీజు కట్టేసి, ఇంటికి ఫోను చేశాడు. అవతల కూతురు ఏడుస్తూ నవ్వింది. అప్పుడు గానీ అతనికి ఊపిరాడలేదు.

గుమ్మం దాకా వెళ్ళినవాడు కుతూహలం ఆపుకోలేక వెనక్కి తిరిగాడు.

"ఈ ఉపాయం మీకెవరు చెప్పారండీ?"

"మా ఆవిడ. సాయంత్రం నడకలో ఎవరి దగ్గరో విని వచ్చింది. ఒక్క మాటతో నా కళ్ళు తెరిపించిందనుకో."

"ఏమిటండీ ఆ మాట?"

"తోడు పెట్టిన పాలు కదపకూడదట."