చిలక పంపిన జవాబు

“ఎగిరే బస్సు నడిపే శిక్షణకు మీరు ఎంపికయ్యారు” అని వంటింటి గోడ పలకగానే విశాలి పోపు గరిటెతోనే ఒక్క గెంతు గెంతింది. చిన్నప్పటి కల మరి! ఆమె కాళ్లు నేల తాకేలోపే చిలక జవాబు పంపేసింది. ఇంటి మనిషి గొంతుతో, ఇంటి మనిషి తీరుతో కబుర్లకు బదులిచ్చే యంత్రం అది. ఆ రోజుల్లో ఏ ఇంట చూసినా ఉండేది.

“మూఢం నడుస్తోంది, ఈసారికి వద్దులెండి అన్నానమ్మా.”

విశాలి ఒళ్లు మండిపోయింది. “నిన్నెవరు చెప్పమన్నారే?”

“ఈత పోటీకీ, నాటకానికీ పిలిచినప్పుడు మీరు చెప్పిందదేగా!”

పెళ్లై నెల తిరగని మొగుడు తారకేశ్ పకపకా నవ్వాడు.

“నవ్వారంటే ఈ పోపు మీ నెత్తినే!”

“సరే, నవ్వనులే. చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు, రేపే వెళ్లి అడుగుదాం.”

“రేపు అమావాస్య కదండీ...”

విశాలి నోటా, చిలక నోటా ఒకేసారి, ఒకే గొంతు.

ఇంతసేపూ తాను ఎవరి మీద అరిచిందో తెలిసి ఆమె ముఖం జేవురించింది. తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది. చిలక మీట టక్కున కట్టేసింది.

“అమావాస్య కానీ, గ్రహణం కానీ! రేపు తెల్లారగానే వెళ్లి, నా నోటితో నేనే చేరతానంటాను. అక్కడ మళ్లీ నసిగానా, నన్ను ఇంటికి తీసుకురాకండి!”