టైగర్ మూడింటికి వస్తాడు

ఆయన ప్రాణం తీసుకుంటారేమోనని నా భయం. ఇంకే భయమూ లేదు నాకు.

రెండేళ్లుగా మావారు, కొత్తగా కట్టిన హైటెక్ సిటీ వెనక ఒక చిన్న ఆఫీసులో, కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నారు. తుపాకీ ఆట. ఈమధ్యే మాదాపూర్ నుంచి అమీర్‌పేట దాకా నెట్ సెంటర్లలో పెట్టించారు. అక్కడ ఎవరు ఆడినా ఆఫీసులో ఆయనకు కనబడుతుంది. ఆయన కూడా లోపలికి వెళ్లి వాళ్లతో ఆడొచ్చు.

ఎవరూ రాలేదు. అందరూ ఫారిన్ ఆటలనే పట్టుకుని కూర్చున్నారు.

"వాటికి పేరుందయ్యా. రెండో భాగం, మూడో భాగం అని వస్తూనే ఉన్నాయి. మనది ఎవడిక్కావాలి?" అన్నారట ఆఫీసు ఓనరు చలపతిరావు గారు. "నెలాఖరు దాకా చూస్తా. రోజూ ఒక్కడైనా వచ్చి ఆడితే సరే. లేదా, తాళం."

ఆ సాయంత్రం ఆయన దుర్గం చెరువు రాళ్ల మీద కూర్చుండిపోయారు. మేం అద్దెకున్న ఇంటాయన ఎల్లేశం బర్రెలు తోలుకొస్తూ చూసి వెంటబెట్టుకొచ్చాడు. చెప్పులు ఆయన చేతిలో ఉన్నాయి.

"జర కనిపెట్టుకోనుండు బిడ్డా," అన్నాడు ఎల్లేశం నాతో, మెల్లగా.

ఎనిమిదితో బడి మానేసినదాన్ని. ఏం చెప్పి ఓదార్చాలో తెలియలేదు.

మూడోరోజు ఆయన నవ్వుతూ వచ్చారు.

"ఒకడొచ్చాడు ఆమనీ! మధ్యాహ్నం మూడింటికి. పేరు టైగర్!"

"బాగా ఆడాడాండీ?"

"ఛీ! గోడలకు గుద్దుకుంటాడు. తుపాకీ నేలకేసి కాలుస్తాడు."

ఆ రాత్రి మారు అన్నం అడిగారు.

టైగర్ రోజూ వస్తున్నాడట. చచ్చి చచ్చి మళ్లీ వస్తున్నాడట.

"ఫారిన్ ఆటలు పక్కనే ఉన్నా మనదానికొస్తున్నాడంటే ఇందులో ఏదో ఉన్నట్టేగా? మధ్యలో గోడ పక్కన నక్కి పది నిమిషాలు కదలడు చూడు! మాటు వేయడమంటే అదీ!"

"పాపం, వాణ్ని కాల్చకండి."

"కాలుస్తానా? నేనే ఎదురెళ్లి నిలబడుతున్నా."

నిన్న ఎల్లేశం భార్య చంద్రమ్మ గుమ్మంలో నన్ను ఆపింది.

"ఏందమ్మా, గింత ఎండల సంటిపిల్లనెత్తుకొని రోజూ యాడికి పోతవ్? పట్టి చూడు, ఒళ్లు పేలిపోతుంది."

నిజమే. మా పాప రసజ్ఞకు జ్వరం. డాక్టరు రేపు పొద్దున్నే దవాఖానలో చేర్చమన్నాడు. ఎన్నాళ్లో చెప్పలేదు.

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులున్నాయి.

మీకు దణ్ణం పెడతాను, రేపట్నుంచి ఈ నాలుగు రోజులూ మూడింటికి ఏదో ఒక నెట్ సెంటర్లో టైగర్ అని పేరు కొట్టి లోపలికెళ్లి, ఆయన ఉన్నారో లేదో ఒక్కసారి చూడండి, మధ్యలో గోడ పక్కన ఆగడం మాత్రం మరిచిపోకండి, నేను రోజూ పాపకు పాలిచ్చినంతసేపు.