ముందు సీట్లో సరుకు

వైశాఖపు ఎండలో మంకీ టోపీ పెట్టుకుని, శాలువా కప్పుకుని మెకానిక్కు షెడ్డు ముందు బండి దిగాడు అబ్బులు. ఆకివీడు నుంచి చేపలు మోసే పికప్పు అతనిది. డ్రైవరు లేకుండా బండి తనంతట తానే నడిచినా, ముందు సీట్లో మనిషి కూర్చోవాలని రూలు.

"నేనెక్కితే చాలు, ఏసీ గడ్డకట్టించేత్తందమ్మాయ్," అన్నాడు వణుకుతూ.

మెకానిక్కు నూకరత్నం ఎక్కి కూర్చుంది. గాలి హాయిగా ఉంది. అయినా సెన్సరు మార్చింది, గొట్టాలన్నీ చూసింది. మళ్లీ అబ్బుల్ని ఎక్కించి తలుపు వేయగానే అద్దాలకు మంచు పట్టింది.

"ఎందుకే అంత చల్లగా కొడతన్నావ్?" అని బండినే అడిగింది.

"సరుకు పాడవకుండా," అంది బండి, మర్యాదగా.

"సరుకు ఎనకాలుంది కదే!"

"ముందు కూడా ఉంది. రోజూ ఎక్కుతుంది, దిగుతుంది, స్టీరింగు మాత్రం తాకదు."

నూకరత్నం చూపు స్టీరింగు మీద పడింది. దసరా పూజకు అబ్బులు చుట్టిన పసుపు గుడ్డ ఇంకా దాని మీదే ఉంది. నడిపే పని లేదు కనుక, విప్పితే అపచారమని వదిలేశాడు.

"బాబాయ్, గుడ్డ విప్పి స్టీరింగు పట్టుకో!" అని అద్దం బాదింది.

అబ్బులు ముడి లాగుతున్నాడు. మొద్దుబారిన వేళ్లకు అది చిక్కడం లేదు. ఆమె తలుపు లాగింది. రాలేదు.

బండి మెల్లగా కదిలింది.

"ఏసీ బాగా చేశారు మేడమ్," అంది. "ఇక ఎంత దూరమైనా ముందు సరుకు చెడదు."