టవారిస్ దావా కవరు

చీకటి పడ్డాక కోర్టు ఆఫీసులో గుమాస్తా లట్రీస్ ఒక్కతే మిగిలింది. ఉబ్బసానికి మందు అందక అలబామా జైల్లో చనిపోయిన టవారిస్, బతికుండగా తన చేత్తో రాసి వేసిన దావా ఆమె ముందుంది. జైలు భద్రత పేరు చెప్పి, దాన్ని కన్నతల్లి కూడా చూడకుండా సీలు చేయమని జడ్జిగారి ఉత్తర్వు.

ఆ తల్లి ఒడెస్సా కౌంటరు అద్దం అవతల బెంచీ మీద కదలకుండా కూర్చుంది.

“నా కొడుకు ఊపిరాడక ఎలా కొట్టుకున్నాడో నలుగురికీ తెలిస్తే ఆ జైలు గోడలు కూలిపోతాయా, అమ్మాయ్?”

“నా చేతుల్లో ఏముంది పెద్దమ్మా? ఇంటికెళ్ళండి.”

కాగితాలు కవరులో పెట్టగానే లోపలినుంచి ఉబ్బసపు పిల్లికూతలు వినిపించాయి. రాత్రుళ్ళు లట్రీస్ తన పసివాడి పక్కన మేలుకుని వినే చప్పుడే అది. పిల్లికూతలు వినపడుతున్నంతసేపూ బిడ్డ ఉన్నట్టే, ఆగితేనే భయం.

ఉద్యోగం పోతే వాడికి మందెలా? కళ్ళు మూసుకుని టేపు అంటించింది. గది నిశ్శబ్దమైపోయింది.

అద్దం అవతల ఒడెస్సా చటుక్కున లేచి నిలబడింది.

“ఇంతసేపూ ఊపిరి తీస్తూనే ఉన్నాడే వాడు. ఏం చేశావమ్మా?”