అద్దాల తొట్టి, పగడపు రాళ్లు

"అంజయ్య పంపిండా?" తలుపు సగమే తెరిచి అడిగింది జయశీల.

"అవునమ్మా. చేపల తొట్టి ఈ ఇంట్లనేనా?" అన్నాడతను. యాభై ఏళ్లుంటాయి. ఒంటి మీద ఫ్యాక్టరీ ఖాకీ చొక్కా. వెనక గోడకు ఆనించిన సైకిలు.

"ఈడనే. జెర జల్దీ రావద్దా! చెప్పులు బయట విడువు."

అతనేదో చెప్పబోయాడు. అప్పటికే ఆమె బక్కెటు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

ఆ తొట్టిని ఆమె భర్త సుందర్‌రాజు తన చేతులతో కట్టుకున్నాడు. పటాన్‌చెరు హైస్కూల్లో సైన్సు సారు. ఇనుప చట్రం, నాలుగు అద్దాలు, మధ్యలో రామేశ్వరం నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న పగడపు రాళ్లు. సాయంత్రమైతే వీధిలో సగం మంది ఆ అద్దాల ముందే ఉండేవారు.

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు ఎండాకాలంలో పక్షవాతం వచ్చి, ఆయన కుడిచేతినీ మాటనూ ఒక్కపూటలో పట్టుకుపోయింది. మాట మెల్లగా వస్తుందన్నాడు డాక్టరు. ఏడాది దాటినా రాలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

తొట్టిలో నీళ్లు పచ్చబడ్డాయి. చేపలు ఒక్కొక్కటే తేలాయి. ఇక చూడలేక, అద్దాల కొట్టు అంజయ్యతో అమ్మిపెట్టమని చెప్పింది జయశీల. ముందు కడగడానికి మనిషిని పంపుతానన్నాడు అంజయ్య.

"రెండు బతికే ఉన్నయమ్మా," వంగి చూస్తూ అన్నాడు వచ్చినతను.

"ఉంటేంది, పోతేంది? కడిగి పో. అమ్మేద్దామనుకుంటున్నం."

అతను సారు పడుకున్న మంచం వైపు చాలాసేపు చూశాడు. ఏం చూశాడో జయశీలకు అప్పుడు తెలియలేదు.

"ఒక్కదినంల అయ్యే పని గాదమ్మా. మూడు నాలుగు దినాలు పడ్తది."

"పేరేంది?"

"పెద్దరాములు."

రోజూ డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాడు. బతికిన రెండు చేపల్నీ కుండలోకి మార్చాడు. తుప్పు గీకి, కారుతున్న మూలకు కొత్త లప్పం పెట్టాడు. ఎక్కడిదో పాత లారీ ట్యూబు తెచ్చి, గాలి కొట్టి, సన్నటి గొట్టంతో నీళ్లలోకి బుడగలు వదిలాడు.

జయశీల మెట్ల మీదే చాయ్ ఇచ్చేది. తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లేవాడు.

నాలుగోనాడు అతను పగడపు రాళ్లు బయటికి తీశాడు. మంచంలోంచి మూలుగు వినిపించింది.

"వాటిని ముట్టకు! సారుకు అవంటే పాణం," అంది జయశీల.

"ఇవి సముద్రంల ఉండేటియమ్మా. మంచినీళ్లల్ల కరుగుతయి. మీ బాయినీళ్లు మొదలే చౌడు. ఈ రెండూ కలిసి చేపలకు పడ్తలేవు."

"అయితే పారేస్తవా?"

పారేయలేదు. నాచు పోయేదాకా తోమాడు. తొట్టి వెనక, అద్దానికి అవతల పేర్చడం మొదలుపెట్టాడు. ముందునుంచి చూస్తే నీళ్లలోనే ఉన్నట్టున్నాయి.

కానీ కొమ్మలున్న పెద్ద రాయిని తలకిందులుగా పెట్టాడు.

సారు ఇటు తిరిగాడు.

పెద్దరాములు దాన్ని తీసి అడ్డంగా పెట్టాడు. సారు ఎడమచేయి లేచింది.

"ఎట్ల సార్? గిట్లనా?" అంటూ మళ్లీ తలకిందులు చేశాడు.

"అ... ట్ల... కాదు!"

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది జయశీల.

"మల్ల చెప్పుండ్రి సార్. నాకు తెలుస్తలేదు."

"ఎడమకు," అన్నాడు సుందర్‌రాజు. పద్నాలుగు నెలల తర్వాత విన్న గొంతు. బొంగురుగా ఉంది. మొద్దు పిల్లవాణ్ణి కసిరినట్టుంది.

"స్తోత్రం ప్రభువా!" అంటూ అక్కడే కూలబడింది జయశీల.

గంటసేపు ఆయన చెబుతూనే ఉన్నాడు. ఎడమకు. పైకి. కాదు. ఆఁ! పెద్దరాములు చెప్పింది చెప్పినట్టు చేశాడు.

చేపలు రెండూ తొట్టిలోకి దిగాయి. తేటనీళ్లు, పైకి లేచే బుడగలు, వెనక ఎర్రగా తెల్లగా పగడాలు. కిటికీ దగ్గర జనం మూగారు.

"ఆ రాళ్లు మస్తున్నయ్ సారూ!" అంది పక్కింటి సాయమ్మ.

"రాళ్లు... కావు," దిండుకు ఆనుకుని కూర్చున్నాడు సుందర్‌రాజు. "పురుగులు... కట్టుకున్న... ఇండ్లు."

"ఇగ సారు పాఠం మొదలైంది!" నవ్వింది సాయమ్మ. జయశీల కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ సందడిలో పెద్దరాములు సైకిలు తీస్తుంటే ఆమె గేటు దాకా పరుగెత్తింది.

"కూలి ఎంతియ్యమంటవ్?"

"ఏమొద్దమ్మా."

"తక్కువిస్తననుకుంటున్నవా?"

అతను నవ్వి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

శనివారం ఆమె అంజయ్య కొట్టుకు వెళ్లింది, తొట్టి ఇక అమ్మడం లేదని చెప్పడానికి, అతని కూలి అక్కడైనా ఇచ్చిపోవడానికి.

ఆమెను చూడగానే అంజయ్య చేతులు జోడించాడు. "మాఫ్ చెయ్యమ్మా. కడిగెటోనికి జరమొచ్చింది. మనిషిని పంపకపోతి."

"మరి పెద్దరాములు?"

"ఆయన మొదటిదినమే వచ్చి చెప్పిండు గద, 'అన్నా, ఆ ఇంట్ల అమ్మకానికేం లేదు' అని. మీరే వద్దన్నరేమో అనుకున్న."

జయశీలకు ఏమీ అర్థం కాలేదు. "ఆయన ఇల్లెక్కడ? పిలుచుకొచ్చి ఇంట్ల కూసోబెట్టి అన్నం పెడ్త."

"ఇంకెక్కడి ఇల్లమ్మా! ఉన్నట్టుండి బదిలీ అయింది. నిన్ననే పెండ్లాంతోని భోపాల్ రైలెక్కిండు."

అంజయ్య కోస్తున్న అద్దాన్ని పక్కన పెట్టి, మెల్లగా అన్నాడు.

"కడిగెటోడు కాదమ్మా, రెండేండ్ల సంది గసుంటి తొట్టి కోసం తిరిగి తిరిగి, మీది కొనుక్కపోదామని వచ్చినాయన."